ఓవీ పడుకునే చోటు

పుణె,
12 జూన్ 2025

నాయినా,

నిన్న ఫోన్‌లో నూలి పున్నానికి వస్తున్నామని నాలుగుసార్లు అరిచాను. నువ్వు నాలుగుసార్లూ "ఆఁ, మంచిగున్న, మంచిగున్న" అన్నావు. మా కింది వాటాలో ఉండే ఆవిడ పైకొచ్చి ఇంట్లో గొడవేమైనా జరుగుతోందా అని అడిగింది. ముప్పై ఎనిమిదేళ్లు పవర్‌లూమ్ సాంచాల మోతలో నానిన చెవులతో ఫోన్‌లో మాట్లాడటం నా వల్ల కాదు. చెవి మిషన్ కొనిస్తానంటే వద్దంటావు. కాబట్టి ఉత్తరం రాస్తున్నాను, అద్దాలు పెట్టుకుని చదువు.

ఆగస్టు ఆరున బయలుదేరి వస్తాం. పున్నం నాడు మార్కండేయ రథం చూసి, పధ్నాలుగో తేదీ దాకా ఉంటాం. అప్పటికి ఓవీకి ఆరో నెల నడుస్తుంటుంది. పుట్టాక దాజీ పేట్ ఇంటికి రావడం దానికి ఇదే మొదలు. కాన్పు మన ఇంట్లోనే అనుకున్నాం. అది నెల ముందే తొందరపడి ఇక్కడే పుట్టేసింది, పదకొండు రోజులు అద్దాల పెట్టెలో ఉంది. నువ్వు దాన్ని ఫోటోలోనే చూశావు.

ఒక్క సంగతి ముందే చెప్పాలి. ఓవీ ఎక్కడ పడుకుంటుంది? ఆస్పత్రిలో గట్టిగా చెప్పి పంపారు. గట్టి పరుపు మీద, సమంగా, వెల్లకిలా పడుకోబెట్టాలట. దాని పక్క దానికి వేరుగా ఉండాలి, మేమున్న గదిలోనే ఉండాలి. పక్క మీద దిండ్లు, దుప్పట్లు, బొమ్మలు ఏవీ ఉండకూడదు. అందుకని ఉయ్యాల కట్టొద్దు. అమ్మ బీడీల తంబాకు, ఆకు ఆ గదిలో లేకుండా చూడు, ఆ ఘాటు చిన్నపిల్లలకు మంచిది కాదన్నారు.

అమ్మకు చదివి వినిపించు. అభిజిత్ నమస్కారాలు చెప్పమన్నాడు.

నీ బిడ్డ
నమ్రత


షోలాపూర్, దాజీ పేట్,
20 జూన్ 2025

మా నమ్రతకు, మనవరాలికి, అల్లుడికి దీవెనలు.

ఉత్తరం అందింది. మీ అమ్మకు చదివి వినిపించాను. నేను మెల్లగానే చదివాననుకున్నాను కానీ, చదవడం అయ్యేసరికి గల్లీ అవతల నుంచి సీతాబాయి "ఆరో తారీకు నాడా వస్తున్నది?" అని అరిచి అడిగింది. ఏం చేస్తాను, నా గొంతు నాకే వినపడదు.

నువ్వేమీ దిగులు పడకు. ఏర్పాట్లన్నీ మొదలుపెట్టాను. మీ అమ్మ పెళ్లినాటి చీర దూలానికి వేసి ఉయ్యాల కట్టాను. నువ్వు కట్టొద్దన్నావు, చదివాను. కానీ నువ్వన్నది బజారులో దొరికే ఇనుప ఉయ్యాల గురించి అయి ఉంటుంది. ఇది చీర, మెత్తగా ఉంటుంది. నువ్వు కూడా ఇందులోనే పెరిగావు. తల గుండ్రంగా రావడానికి ఆవాలు పోసి చిన్న దిండు కుట్టించాను.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. కార్ఖానా సేఠ్ వినాయక్‌ను బతిమాలి, షిఫ్టు అయ్యాక నా సాంచా మీద ఓవీ కోసమే ఒక చాదర్ నేశాను. రెండు వైపులా నెమళ్లు, నడుమ ఓవీ పేరు. తూకం వేస్తే రెండు కిలోల పైనే వచ్చింది. షోలాపూర్ చాదర్ అంటే అదీ. వానాకాలం కదా, కప్పితే వెచ్చగా పడుకుంటుంది.

ఇంకొకటి. పిల్ల ఏడిస్తే నాకు వినపడదని నీకు భయం ఉండొచ్చు. దానికీ ఉపాయం ఆలోచించాను. మా నాయనమ్మ మగ్గం గుంటలో కూర్చుని నేస్తూనే నన్ను ఊపేది. ఉయ్యాలకు నూలుదారం కట్టి, దాని కొస కాలి బొటనవేలికి చుట్టుకునేది. నేనూ అట్లాగే చేస్తాను. పిల్ల కదిలితే దారం లాగుతుంది, నేను లేస్తాను. పడుగు నూలే పేని కట్టాను, ఎద్దును కట్టినా తెగదు.

తంబాకు సంగతి వినగానే మీ అమ్మ ఉత్తరం మొత్తం ఇంకొకసారి చదవమంది. చదివాను. తర్వాత బీడీల చాట పక్కన పెట్టి బయట అరుగు మీద కూర్చుంది. బీడీల మీదనే నువ్వు చదువుకున్నావు, కొంచెం బాధపడి ఉంటుంది. నువ్వేమీ మనసులో పెట్టుకోకు.

నాయిన


పుణె,
27 జూన్ 2025

నాయినా,

నీ ఉత్తరం ఇప్పుడే చదివాను. పిల్ల పక్కన దారమా? అది కూడా ఎద్దును కట్టినా తెగని దారమా? ఆ దారం పిల్ల మెడకు చుట్టుకుంటే నీకు వినపడను కూడా వినపడదు!

దయచేసి చెప్పింది చెప్పినట్టు చెయ్యి. ఉయ్యాల వద్దంటే చీర ఉయ్యాల కూడా వద్దు. అందులో పిల్ల వంగిపోయి గడ్డం ఛాతీకి ఆనుతుంది, ఊపిరి ఆడదు. ఆవాల దిండు వద్దు. చాదర్ అసలు వద్దు. రెండు కిలోల దుప్పటి అయిదు నెలల పిల్ల మీద ఎట్లా కప్పాలనుకున్నావు? ఓవీకి ఏమీ కప్పం, ఒళ్లు నిండా బట్టలు వేస్తాం, అంతే.

ఇంతదూరం వచ్చాక రోజూ వాదించుకోవడం నాకు ఇష్టం లేదు. అభిజిత్ స్టేషన్ దగ్గర లాడ్జిలో గది తీసుకున్నాడు. పగలంతా ఇంట్లోనే ఉంటాం, పడుకోవడానికి లాడ్జికి వెళ్తాం. తంబాకు ఇబ్బంది కూడా ఉండదు, అమ్మ పని అమ్మ చేసుకోవచ్చు. అందరికీ సుఖం.

నమ్రత


షోలాపూర్,
5 జూలై 2025

శ్రీమతి నమ్రతా అభిజిత్ గారికి,

మీ ఉత్తరం అందింది. నేను చదువుతుంటే గల్లీ అంతా విన్నది. పెంటయ్య బిడ్డ సొంత ఊరికి వచ్చి లాడ్జిలో పడుకుంటుందట అని సాంచాల కార్ఖానాలో కూడా అడిగారు. నాకు వినపడనట్టు ఊరుకున్నాను. చెవుడు ఒక్కోసారి పనికొస్తుంది.

ఉయ్యాల విప్పేశాను. దిండు సీతాబాయి మనవడికి ఇచ్చాను. చాదర్ పెట్టెలో పెట్టాను. దారం తెంపేశాను. తమరికి ఇష్టమైన చోట తమరు పడుకోవచ్చు.

మీ అమ్మ చాటలో ఉన్న ఆకు, తంబాకు మూట కట్టి కంపెనీ వాళ్లకు తిరిగి ఇచ్చేసింది. నాలుగు రోజులుగా సరిగా తినడం లేదు. నిన్న బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో ఉన్న మీ చిన్నమ్మ బాలమణి దగ్గరికి వెళ్లిపోయింది. వెళ్లేటప్పుడు "పిల్ల వచ్చినంక కూడ నేను ఆడనే ఉంట" అన్నది. చేతి మీద పొట్ట పోసుకున్న మనిషిని తంబాకు కంపు అంటే ఎట్లా ఉంటుందో ఆలోచించండి. ఆమె చుట్టిన బీడీలతోనే మీ లాబొరేటరీ చదువు సాగింది.

ఇక దీని గురించి రాయవద్దు.

పెంటయ్య

లాడ్జి గదిలో మంచం ఇనుపదా, చెక్కదా? నల్లులు ఉంటాయి, చూసుకోండి.


పుణె,
12 జూలై 2025

నాయినా,

"శ్రీమతి గారు" అని చదివి ఏడ్చాను. నువ్వు గెలిచావు, సరేనా?

కంపు అని నేను ఎక్కడా రాయలేదు. ఉత్తరం తీసి చూడు. బీడీలు చుట్టే అమ్మ కూతుర్నని నేను పుణెలో ఎవరి దగ్గరా దాచలేదు. అమ్మ ఒళ్లో పడుకుని ఆ వాసనలోనే పెరిగాను, నాకు అది అమ్మ వాసనే. ఓవీ ఊపిరితిత్తులు పూర్తిగా ఎదగకముందే పుట్టింది కాబట్టి డాక్టరు చెప్పింది రాశాను. రాసిన తీరు బాగాలేదు, అది నా తప్పు. రెండో ఉత్తరం ఇంకా మొరటుగా రాశాను. నువ్వు అంత ప్రేమతో నేసిన చాదర్‌ను తూకం వేసి తీసిపారేశాను.

కానీ నాయినా, నాకు భయం. ఆ పదకొండు రోజులు అద్దాల పెట్టె బయట నిలబడి దాని డొక్క ఎగురుతోందా లేదా అని చూడటమే నా పని. ఇంటికి తెచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. వెల్లకిలా, గట్టి పక్క మీద, చుట్టూ ఏమీ లేకుండా పడుకోబెట్టినప్పుడు మాత్రమే నేను కాసేపు కళ్లు మూయగలుగుతాను. ఆస్పత్రి వాళ్లు చెప్పిన ఆ నాలుగు మాటలు పట్టుకుని బతుకుతున్నాను. అందుకే నువ్వు ఒక్కటి మార్చినా తట్టుకోలేకపోయాను.

మా దగ్గర మడతపెట్టే చిన్న మంచం ఉంది, నాలుగు పక్కలా జాలీ, అడుగున గట్టి పరుపు. దాన్ని రైల్లో తేవచ్చు. మూడున్నర అడుగుల పొడవు, రెండున్నర వెడల్పు. మేము పడుకునే మంచం పక్కన పడుతుందో లేదో తెలియదు.

అమ్మ సంగతి నాకు అర్థం కావడం లేదు. ఓవీ పుట్టినప్పుడు ఇక్కడ ఇరవై రోజులు ఉంది కదా. వంట చేసింది, నూనె రాసి స్నానం చేయించింది, అన్నీ చేసింది. కానీ నిద్ర వేళకు పిల్లను నా చేతిలో పెట్టి "నువ్వే పండుకోబెట్టు" అని వంటింట్లోకి పోయేది. ఒక్కరోజు కూడా తను పడుకోబెట్టలేదు. ఇది నిజంగా తంబాకు మాటకు వచ్చిన కోపమేనా? అడిగి రాయి.

నమ్రత


షోలాపూర్,
20 జూలై 2025

నమ్రతా, బిడ్డా,

ఈ ఉత్తరం నేను ఎవరికీ చదివి వినిపించడం లేదు.

ఇవాళ ఆదివారం కదా, విడీ ఘర్కుల్‌కు పోయాను. బాలమణి ఇంటి ముందు మీ అమ్మ ఒక్కతే కూర్చుని ఉంది. బీడీలు చుట్టడం లేదు, ఊరికే కూర్చుంది. నమ్రత కోపంతో రాయలేదు, ఇంటికి పోదాం రా అన్నాను. ఆమె లేచి నా చెవి దగ్గరికి వచ్చి చెప్పింది. తంబాకు మాటకు ఆమెకు ఏ కోపమూ లేదు.

నీకు ఒక అన్న ఉండేవాడు. ప్రవీణ్ అని పేరు పెట్టాం. 1994లో, నీకు రెండేళ్ల ముందు. రెండున్నర నెలలు బతికాడు. మార్గశిర మాసం, చలి. మీ అమ్మ అందరూ చెప్పినట్టే చీర ఉయ్యాలలో మెత్తగా పరిచి, పైన రెండు చాదర్లు కప్పి పడుకోబెట్టింది. పక్కనే చాట పెట్టుకుని బీడీలు చుట్టింది. నేను కార్ఖానా నుంచి వచ్చి "ఇంకా లేవలేదా" అని ఎత్తుకున్నాను. ఆ తర్వాతిది రాయలేను. దిష్టి అన్నారు, గాలి సోకిందన్నారు, నేను అదే నమ్మాను. మేము ఇల్లు మారాం. నువ్వు పుట్టాక నిన్ను ఒక్కరోజు కూడా మీ అమ్మ పడుకోబెట్టలేదు. నేను షిఫ్టు నుంచి వచ్చి ఉయ్యాలలో వేసేదాకా ఒళ్లో పెట్టుకునే కూర్చునేది. ముద్దు చేస్తోందని గల్లీలో నవ్వేవాళ్లు. నీకు చెప్పకూడదని ఇద్దరం ఒట్టు పెట్టుకున్నాం. ఆ ఒట్టు ఇవాళ ఆమే తీసేసింది.

నీ మొదటి ఉత్తరాన్ని ఆమె రెండుసార్లు ఎందుకు చదివించుకుందో నాకు ఇప్పుడు అర్థమైంది. ఉయ్యాల వద్దు, దుప్పటి వద్దు, తంబాకు వద్దు. ఒక్కొక్కటీ ఆమె చేసిన పనే. "నా బిడ్డ నాకు జాబు రాయలే, నా తప్పులు లెక్కబెట్టి పంపింది" అన్నది. నీకు తెలియకుండానే రాశావని ఆమెకు తెలుసు. అయినా అట్లా అనిపించింది.

నేను ఆమెను మన పేట ఆశా కార్యకర్త సుందరాబాయి తాయి దగ్గరికి తీసుకుపోయాను. సుందరాబాయి అంతా విన్నది. "చంద్రభాగా వహినీ, గప్పుడు గిది ఎవ్వరికి ఎర్క లేకుండె. పెద్ద పెద్ద డాక్టర్లే పోరగాండ్లను బోర్ల పండుకోబెట్టమనేటోళ్లు. గా పిలగాడు ఎందుకు పోయిండో ఇప్పుడు ఎవ్వరు చెప్పలేరు. నువ్వు చంపలే" అన్నది. మీ అమ్మ ఈ ముప్పై ఏళ్లలో మొదటిసారి బయట కూర్చుని ఏడ్చింది. నేను పక్కన నిలబడ్డాను. ఏడుస్తూ ఆమె అన్న మాటలు నాకు సరిగ్గా వినపడలేదు కానీ ఆమె మొహం చూస్తే తెలిసింది.

ఇంటికి తీసుకొచ్చాను.

ఇక నా సంగతి. నీతో పంతం పట్టాను, సిగ్గుగా ఉంది. నా పేరు నీకు స్కూల్లో నామోషీగా ఉండేది. నీ పేరు పక్కన తండ్రి పేరు రాయాల్సిన చోట "పి." అని మాత్రమే రాసేదానివి. నేను చూశాను. ఆ పేరు ఎందుకు వచ్చిందో నీకు చెప్పలేదు కాబట్టి నీ తప్పు లేదు. నాకంటే ముందు మా అమ్మకు ఇద్దరు పిల్లలు పుట్టి పోయారు. నేను పుట్టగానే మా నాయనమ్మ నన్ను చాటలో పెట్టి పెంటకుప్ప మీద పడుకోబెట్టింది. పొరుగావిడ ఎత్తుకుపోయి, దోసెడు తవుడు తీసుకుని నన్ను మళ్లీ మా అమ్మకే అమ్మింది. ఎవరికీ అక్కర్లేని పిల్లవాడనుకుని చావు వదిలేసి పోతుందని వాళ్ల నమ్మకం. పచ్చి బాలింత, తన బిడ్డ పెంట మీద ఉంటే గడపలో కూర్చుని చూసింది. బిడ్డ బతకడానికి ఆ రోజు ఆమెకు ఎవరో చెప్పిన పక్క అది. నీకు ఇవాళ డాక్టర్లు చెప్పిన పక్క దిండు లేని గట్టి పరుపు. మా అమ్మకు రోషం రాలేదు. చాదర్ నేసినవాణ్ణి కాబట్టి నాకు వచ్చింది.

ముందరి గది కొలిచాను. మంచం గోడకు జరిపితే అయిదడుగుల జాగా మిగులుతుంది. మీ చిన్న మంచం పడుతుంది. కిటికీకి దూరంగా, తీగలూ దారాలూ ఏవీ అందకుండా. లాడ్జి ఉంచుకుంటావో తీసేస్తావో నీ ఇష్టం. నిజంగానే నీ ఇష్టం.

నాయిన


పుణె,
26 జూలై 2025

నాయినా,

లాడ్జి తీసేశాం. నీ ఉత్తరం అభిజిత్‌కు మరాఠీలో చెబుతుంటే మధ్యలోనే ఫోన్ చేసి రద్దు చేశాడు.

ఇంకేమీ రాయలేను. అన్నయ్య పేరు కాగితం మీద చూసుకుంటున్నాను. అమ్మకు నా తరఫున ఏమీ చెప్పకు, వచ్చి నేనే చెబుతాను.

పరుపు మీదకు ఒక్క దుప్పటి కావాలి. కప్పేది కాదు, పరిచేది. పరుపు కొలత ఖచ్చితంగా నలభై ఒకటిన్నర అంగుళాలు, ఇరవై తొమ్మిది. లోతు మూడు. నాలుగు మూలలూ కింద బిగిసిపోవాలి, ముడత అన్నది రాకూడదు. బజారువి వదులుగా ఉంటున్నాయి. నీకు వీలైతేనే.

నమ్రత


షోలాపూర్,
31 జూలై 2025

బిడ్డా,

వీలైతేనే అంటావా? ముడత రాకూడదని నేతగాడికి చెబుతున్నావు! మగ్గం మీద బట్ట ఎంత బిర్రుగా ఉంటుందో అంత బిర్రుగా నేసి కుట్టించాను. నూలు పలచనిది, రంగు వెయ్యలేదు. అదే కొలతకు చెక్కపలక కోయించి తొడిగి చూశాను. రూపాయి బిళ్ల వేస్తే ఎగిరింది. సేఠ్ వినాయక్ చూసి "ఏంది పెంటయ్యా, గింత చిన్న బట్ట ఎవ్వనికి?" అన్నాడు. ఇన్నేళ్లలో జనం కప్పుకోవడానికే నేశానని, ఇది పరుచుకునేదని చెప్పాను. అతనికి అర్థం కాలేదు, పోనీ.

ఇంటికి సున్నం వేయించి పది రోజులయింది, వాసన పోయింది. ఆకు, తంబాకు ఇంట్లో లేవు. మీరున్నన్ని రోజులు మీ అమ్మ బీడీల పని మళ్లీ తీసుకుని బాలమణి ఇంట్లో చేస్తుంది. ఇది కోపం కాదు, ఆమె ఆలోచనే. వచ్చి స్నానం చేసి చీర మార్చుకున్నాకే పిల్లను ఎత్తుకుంటుందట.

ఒక్కటే మిగిలింది. పిల్ల పడుకునే వేళకు మాత్రం ఇంట్లో ఉండనంటోంది. "ఎత్తుకుంట, ఆడిపిస్త, తానం పోస్త. పండుకున్న పోరిని మాత్రం నేను చూడలేను" అంటోంది. నేను బలవంతపెట్టలేదు. నువ్వు కూడా పెట్టకు.

గల్లీలో సాంచాల మోతకు పిల్ల నిద్రపోదేమోనని భయపడకు. ఇక్కడి పిల్లలు కరెంటు పోయి మోత ఆగితేనే లేచి ఏడుస్తారు. అల్లుడికి చెప్పు, రథం రోజు జనంలో జేబు జాగ్రత్త.

నాయిన


పుణె,
19 ఆగస్టు 2025

నాయినా,

క్షేమంగా చేరాం. రైల్లో ఓవీ నలుగురి కళ్లద్దాలు లాగింది. పున్నం నాడు నువ్వు కట్టిచ్చిన జంధ్యం అభిజిత్ ఇంకా తీయలేదు. ఆఫీసులో అందరికీ చూపిస్తున్నాడు.

ఎనిమిది రోజులూ ఓవీ ఎంత బాగా పడుకుందో నువ్వే చూశావు. నేను కూడా పడుకున్నాను, ఫిబ్రవరి తర్వాత మొదటిసారి. నువ్వు చూడని సంగతి ఒకటుంది, అది రాయడానికే కూర్చున్నాను. అక్కడ ఉన్నప్పుడు చెబుదామంటే నువ్వు గల్లీ అంతా వినేట్టు మాట్లాడతావు.

రోజూ ఓవీ పగటి నిద్ర వేళకు అమ్మ చెప్పులు వేసుకుని బయటికి పోయేది కదా. సీతాబాయి అరుగు మీద కూర్చుని, ఓవీ లేచిందని నేను పిలిస్తే వచ్చేది. బుధవారం, మేము బయలుదేరే ముందురోజు, నువ్వు పొద్దుటి షిఫ్టుకు పోయావు. నేను స్నానానికి పోతూ ఓవీని అమ్మ చేతికి ఇచ్చాను. అప్పుడు అది ఆడుకుంటోంది. నేను తల తుడుచుకుంటూ వచ్చేసరికి అమ్మ భుజం మీద ఓవీ కళ్లు మూతలు పడుతున్నాయి. ఇటు ఇవ్వమ్మా అని చేతులు చాపాను. అమ్మ ఇవ్వలేదు. "ఆగవే" అన్నది.

చిన్న మంచం దగ్గరికి పోయి నిలబడింది. వంగి, ముందు నడుము, తర్వాత తల, వెల్లకిలా దించింది. ఓవీ కొంచెం గునిసింది. అమ్మ అరచెయ్యి దాని పొట్ట మీద పెట్టింది. ఆ చెయ్యి పైకీ కిందికీ కదులుతుంటే అమ్మ దాన్నే చూస్తోంది. ఎంతసేపో నాకు తెలియదు, నా జుట్టు నీళ్లు కారి జాకెట్టు తడిసిపోయింది. తర్వాత చెయ్యి తీసేసింది. పక్క మీద ఇంకేమైనా ఉందా అని చుట్టూ చూసుకుంది, ఏమీ లేదు.

నేను కుర్చీ జరిపాను. "కూర్చో అమ్మా, పక్కనే కూర్చుని చూస్తుండు" అన్నాను.

"ఏం చూసేదున్నదే? మంచిగ పండుకున్నది. పప్పు మాడుతున్నది ఆడ" అన్నది.

చెప్పుల వైపు పోలేదు, వంటింట్లోకి పోయింది. నేను గుమ్మంలో నిలబడి చూశాను. పప్పు మాడలేదు, ఇంకా పొంగు కూడా రాలేదు. గిన్నెలో గరిటె తిప్పుతూ, తను రోజూ పాడుకునే మరాఠీ భజన ఏదో సన్నగా అందుకుంది. పిల్ల వైపు వీపు పెట్టి నిలబడి వంట చేసింది, నాయినా. ఓవీ గంటంబావు పడుకుంది. అమ్మ ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

నమ్రత